రాళ్ళు తీసుకుని ఆడడం

(కడపలో చదరంగం ఆటగాళ్ళు, కొత్తగా గో నేర్చుకుంటున్న విద్యార్థులు కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి ఇది రాతప్రతి.)

సభకు నమస్కారం. చదరంగం బల్లల దగ్గర నుంచి లేచి వచ్చి ఇక్కడ కూర్చున్న మిత్రులకు కృతజ్ఞతలు. నన్ను గో ఆట గురించి మాట్లాడమన్నారు. ఆట మొత్తం గురించి ఒక గంటలో చెప్పడం కుదిరే పని కాదు కనుక మన ఊరికి బాగా పనికివచ్చే ఒక్క విషయాన్నే తీసుకున్నాను. బలమైన ఆటగాడి ఎదుట కూర్చున్న కొత్త ఆటగాడు, ఆట మొదలు కాకముందే బోర్డు మీద కొన్ని రాళ్ళు పెట్టుకుని ఆడే పద్ధతి ఒకటి ఉంది. హ్యాండికాప్ అని అందరూ అంటున్నారు, నేనూ అలాగే అంటాను.

మన ఊరికి పనికివచ్చే విషయమని ఎందుకన్నానంటే, టోక్యోలోనో సియోల్‌లోనో ఉన్నవారు సాయంత్రం గో క్లబ్బుకు వెళితే తమకు సరిజోడు దొరుకుతుంది. కడపలో గాని ప్రొద్దుటూరులో గాని ఈ ఆట ఆడేవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బల్లకు ఒకవైపు ఏళ్ళ తరబడి ఆడుతున్నవారు, రెండోవైపు పోయిన నెలలోనే నియమాలు నేర్చుకున్నవారు కూర్చోవలసి వస్తుంది. అటువంటి ఇద్దరు సమానంగా ఆడితే యాభై ఎత్తులు పూర్తి కాకముందే ఆట ఒకవైపు ఒరిగిపోతుంది. అక్కడి నుంచి చివరి దాకా కొత్తవారు ఓటమిని సాగదీస్తూ ఉంటారు, పాతవారు వేరే ఏదో ఆలోచిస్తూ రాళ్ళు పెడుతూ ఉంటారు. అటువంటి ఆటలు వంద ఆడినా ఇద్దరిలో ఎవరికీ ఒరిగేది పెద్దగా ఉండదు.

చదరంగం మిత్రుల కోసం నియమాలు రెండు మాటల్లో చెబుతాను. గో బోర్డు మీద అడ్డంగా 19, నిలువుగా 19 గీతలు ఉంటాయి. రాళ్ళను గళ్ళలో కాకుండా గీతలు కలిసే చోట పెట్టాలి. అటువంటి చోట్లు 361. ఒకసారి పెట్టిన రాయి కదలదు, నాలుగు వైపులా శత్రువు చుట్టుముడితే మాత్రం బోర్డు మీది నుంచి లేచిపోతుంది. చివరికి ఎవరు ఎక్కువ చోటును తమ రాళ్ళతో చుట్టుకున్నారో వారిదే గెలుపు. మామూలు ఆటలో నలుపు ముందు ఆడుతుంది. ముందు ఆడడం లాభం కాబట్టి దానికి పరిహారంగా తెలుపుకు కొన్ని పాయింట్లు కలుపుతారు. దాన్ని కొమి అంటారు. నేడు జపానులో అది ఆరున్నర, చైనాలో ఏడున్నర. ఆ అర పాయింటు ఆట సమంగా ముగియకుండా ఉండడానికి.

హ్యాండికాప్ ఆటలో నల్లరాళ్ళు కొత్తవారివి, అయినా ఈ వరుస తిరగబడుతుంది. బోర్డు మీద తొమ్మిది చోట్ల చిన్న చుక్కలు పెట్టి ఉంటాయి, వాటిని నక్షత్ర బిందువులు అంటారు. నాలుగు మూలల్లో నాలుగు, నాలుగు పక్కల మధ్యలో నాలుగు, నట్టనడుమ ఒకటి. రెండు రాళ్ళు తీసుకుంటే ఎదురెదురు మూలల్లో పెడతారు, నాలుగు తీసుకుంటే మూలలన్నీ నిండుతాయి, తొమ్మిది తీసుకుంటే చుక్కలన్నీ నల్లబడతాయి. ఆ తరువాత మొదటి ఎత్తు తెలుపుది. కొమి ఉండదు, సమం కాకుండా ఉండడానికి ఆ అర పాయింటు మాత్రం ఉంచుతారు. న్యూజిలాండ్, ఇంగ్ అనే నియమావళులలో ఆ రాళ్ళను తమకు నచ్చిన చోట పెట్టుకునే స్వేచ్ఛ నలుపుకు ఉంది. అయినా కొత్తవారు చుక్కల మీదే పెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చదరంగంలోనూ ఈ పద్ధతి ఒకప్పుడు ఉండేదని మీలో పెద్దలకు తెలుసు. 19వ శతాబ్దంలో పాల్ మార్ఫీ వంటివారు గుర్రాన్ని తీసేసి ఆడి గెలిచేవారు. కానీ గుర్రం లేని చదరంగం వేరే చదరంగం. మనం కష్టపడి నేర్చుకున్న ఆరంభాలు సగం అక్కడ పనిచేయవు, కాబట్టి ఆ ఆటలో నేర్చుకున్నదాన్ని మామూలు ఆటకు తెచ్చుకోవడం కష్టం. గోలో ఎవరి దగ్గర నుంచీ ఏదీ తీసేయడం లేదు. నలుపు ఎలాగూ ఆడదగిన మంచి చోట్లలోనే కొన్ని రాళ్ళు ముందుగా కూర్చుంటున్నాయి. అక్కడి నుంచి ఆట తన మామూలు నియమాలతోనే నడుస్తుంది. ఆట స్వభావం చెడకుండా ఇద్దరి మధ్య తేడాను ఇంత సులువుగా పూడ్చే ఏర్పాటు మరే ఆటలోనూ నాకు కనబడలేదు.

ఎన్ని రాళ్ళు అన్నది కూడా ఊహతో తేల్చే విషయం కాదు. గోలో కొత్తవారి స్థాయి 30 క్యూ దగ్గర మొదలై, బలం పెరిగేకొద్దీ అంకె తగ్గుతూ 1 క్యూకు వస్తుంది. అక్కడి నుంచి 1 డాన్, 2 డాన్ అని పైకి పోతుంది. ఔత్సాహికుల మధ్య ఒక్కో మెట్టు తేడాకు ఒక్కో రాయి. 5 క్యూ ఆటగాడు 1 డాన్ ఆటగాడితో కూర్చుంటే ఐదు రాళ్ళు తీసుకోవాలి. ఒక్క మెట్టే తేడా అయితే రాయి ఏదీ పెట్టరు, నలుపు కొమి ఇవ్వకుండా ముందు ఆడుతుంది, అంతే. అంటే స్థాయికి కొలబద్ద ఈ రాళ్ళే. చదరంగంలో రేటింగ్ ఒక అంకె, కాగితం మీద ఉంటుంది. ఇక్కడ అది బోర్డు మీద కనబడుతుంది.

కనబడుతుంది కాబట్టే మన దగ్గర ఒక చిక్కు వస్తోంది. మనం రాయలసీమవాళ్ళం, పౌరుషానికి తక్కువ లేదు. ఆరు రాళ్ళు పెట్టుకో నాయనా అంటే, "ఏం సార్, నన్ను అంత చేతగానోని కింద లెక్కేస్తిరా? సమానంగానే ఆడదాం రాండి" అంటున్నారు పిల్లలు. పెద్దవాళ్ళు ఆ మాట అనరు గాని, మొహమాటానికి రెండు రాళ్ళు పెట్టుకుని మిగిలినవి డబ్బాలోనే ఉంచేస్తారు. ఇచ్చే వారిలో కూడా ఈ మొహమాటం ఉంది. వయసులో పెద్దాయనకు తొమ్మిది రాళ్ళు పెట్టుకోండి అని చెప్పడానికి నోరు రాక, సమానంగా ఆడి, మధ్యలో కావాలని తప్పులు చేసి ఆయనను గెలిపించే వారిని చూశాను. ఆ గెలుపులో గౌరవం ఎక్కడుందో నాకు అర్థం కాదు. ఉగాదికో శివరాత్రికో మన పల్లెల్లో ఎద్దుల బండలాగుడు పందేలు జరుగుతాయి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం అని వయసును బట్టి జోడీలను వేరు చేసి, దానికి తగిన బండనే కడతారు. రెండు పళ్ళ కోడెలకు సీనియర్ల బండ కట్టలేదని ఏ రైతూ చిన్నబుచ్చుకోడు. కడితే కోడెల మెడలు పోతాయని ఆయనకు తెలుసు.

పౌరుషం మాట వచ్చింది కనుక జపాను సంగతి చెప్పాలి. షోగున్లు అనే సైనిక పాలకులు ఏలిన ఎడో యుగంలో హోనిన్బో, యాసుయి, ఇనోఉయె, హయాషి అని నాలుగు గో వంశాలు ఉండేవి. వారి మేటి ఆటగాళ్ళు ఏటా షోగున్ కోటలో ఆడేవారు. 17వ శతాబ్దంలో హోనిన్బో దోసాకు అనే ఆయన మిగిలిన అందరికంటే ఎంత పైన ఉన్నాడంటే, ఆయనకు సమానంగా కూర్చోగలిగిన మనిషే లేకపోయాడు. 1682లో ర్యూక్యూ ద్వీపాల నుంచి వచ్చిన ఒక మేటి ఆటగాడికి నాలుగు రాళ్ళు ఇచ్చి 14 పాయింట్లతో గెలిచాడు. మరుసటి ఏడు కోటలో యాసుయి షున్‌చికి రెండు రాళ్ళు ఇచ్చి ఒక్క పాయింటుతో ఓడిపోయాడు. తన జీవితం మొత్తంలో అత్యుత్తమమైన ఆట ఏదంటే దోసాకు చూపింది ఓడిపోయిన ఈ ఆటనే. అంతటి బలవంతుడికి రెండు రాళ్ళు ఇచ్చి ఒక్క పాయింటు తేడా దాకా లాక్కురావడం ఎంత పనో ఆయనకే తెలుసు. ఆ రెండు రాళ్ళు తీసుకున్న షున్‌చి పేరు కూడా మూడు వందల నలభై ఏళ్ళుగా చెరిగిపోకుండా నిలిచింది.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే గో సెయ్‌గెన్ ఉన్నాడు. 1914లో చైనాలో పుట్టి, 1928లో జపాను వచ్చి, 20వ శతాబ్దపు గో మీద తన ముద్ర వేసినవాడు. ఆ రోజుల్లో పత్రికలు ఇద్దరు మేటి ఆటగాళ్ళ మధ్య పది ఆటల పోటీలు పెట్టేవి. ఎవరైనా నాలుగు ఆటల ఆధిక్యం సాధిస్తే ఎదుటివారిని ఒక మెట్టు కిందికి దించాలి, అంటే ఇకపై వారు హ్యాండికాప్ తీసుకుని ఆడాలి. 1939లో కామకురలో కితానీ మినోరుతో మొదలైన పోటీలో ఆరు ఆటలకే ఐదు గెలిచి, తనకు సరిజోడుగా పేరున్న కితానీని ఒక మెట్టు దించాడు. కొమి లేని ఆ రోజుల్లో ఒక మెట్టు దిగడమంటే ప్రతి మూడు ఆటల్లో రెండింట నలుపు తీసుకోవడం. దేశమంతా పత్రికల్లో చదువుతుండగా కితానీ ఆ మెట్టు దిగి, మిగిలిన ఆటలు పూర్తి చేశాడు. ఆ తరువాత ఎందరో గొప్ప గురువుగా ఆయనను తలచుకున్నారు. ఆయన ఇంట్లో శిష్యులుగా పెరిగినవారే తరువాతి తరంలో జపాను గోను ఏలారు. హ్యాండికాప్ తీసుకుంటే పరువు పోతుందనుకునే వారికి ఇంతకంటే నేను చెప్పవలసింది లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. రాళ్ళు తీసుకున్నవారు వాటితో ఏం చేయాలి?

ముందు ఒక చిన్న లెక్క. ముందు ఆడడం వల్ల వచ్చే లాభం సుమారు ఏడు పాయింట్లు కాబట్టే కొమి అక్కడ స్థిరపడింది. అదనంగా ఒక పూర్తి ఎత్తు దొరికితే దానికి రెట్టింపు, అంటే సుమారు 14. ఈ లెక్కన రెండు రాళ్ళ ఆటలో నలుపు 20 పాయింట్ల పైచిలుకు ముందుంటుంది, తొమ్మిది రాళ్ళ ఆటలో దాదాపు 120 పాయింట్లు ముందుంటుంది. ఒక ఆట 240 ఎత్తులు నడిస్తే అందులో నలుపు వేసేవి 120. అంటే తొమ్మిది రాళ్ళు తీసుకున్నవారు ప్రతి ఎత్తుకూ ఒక్కో పాయింటు చొప్పున పోగొట్టుకుంటూ పోయినా ఆట చివరికి సమంగా ఉంటుంది. కాబట్టి ఆ ఆటలో ఓడిపోయారంటే ఏదో ఒక గొప్ప ఎత్తు తెలియక కాదు. సగటున ఎత్తుకు ఒక పాయింటు కంటే ఎక్కువ జారవిడిచారు కాబట్టి. అది ఎక్కడ జారిందో వెతకడమే ఆ ఆట నుంచి నేర్చుకోవలసిన పాఠం.

అది జారే చోటు చాలామందికి ఒకటే. తొమ్మిది రాళ్ళ ఆట మొదలైందనుకుందాం. తెలుపు ఏదో ఒక మూల దగ్గరకు వస్తుంది. పై కుడి మూల అనుకోండి. ఆ మూల నక్షత్రం మీద నల్లరాయి ఉంది. దానికి ఎడమగా రెండు గీతల అవతల, పై అంచు నుంచి మూడో గీత మీద తెల్లరాయి పడింది. నూటికి తొంభై మంది కొత్తవారు ఇక్కడ భయపడి మూలను కాపాడుకోవడానికి వెనక్కి తగ్గుతారు. తెలుపు ఇంకో మూలకు వెళితే అక్కడా అంతే. నాలుగు మూలలూ తిరిగేసరికి తెలుపుకు పక్కలన్నీ దక్కుతాయి, నలుపు నాలుగు మూలల్లో నాలుగు చిన్న గదులు కట్టుకుని తలుపులు వేసుకుని కూర్చుంటుంది. ముందే పెట్టుకున్న పక్క రాళ్ళు, నడిమి రాయి ఎవరికీ చెందని బండల్లా ఒంటరిగా మిగిలిపోతాయి.

ఆ తెల్లరాయిని ఒక్క నిమిషం జాగ్రత్తగా చూద్దాం. దానికి కుడివైపున మూల నక్షత్రం మీద నల్లరాయి ఉంది. ఎడమవైపున, పై అంచు మధ్యలో ఉన్న నక్షత్రం మీద ఇంకో నల్లరాయి ఉంది. అంటే ఆ తెల్లరాయి వచ్చిపడింది నలుపు మనుషుల మధ్యకు, భయపడవలసింది అది. ఇప్పుడు నలుపు మూల రాయి నుంచి ఏటవాలుగా ఒక అడుగు వేసి ఆ తెల్లరాయికి ఆనుకుని రాయి పెడితే, తెలుపు నిలువుగా లేచి నిలబడక తప్పదు, లేకపోతే దాని నెత్తి మీదే నలుపు వంగి కూర్చుంటుంది. ఇప్పుడు రెండు తెల్లరాళ్ళు ఒకదాని మీద ఒకటి గోడలాగా నిలబడి ఉన్నాయి. రెండు రాళ్ళ గోడ ఉంటే పక్కకు మూడు ఖాళీలు వదిలి తరువాతి రాయి పెట్టుకోవాలన్నది గోలో పాత సూత్రం. అలా పెడితేనే దానికి కాళ్ళు చాపుకునే చోటు దొరుకుతుంది. ఆ గోడ నుంచి ఎడమకు మూడు ఖాళీలు వదిలి లెక్కపెట్టి చూడండి. సరిగ్గా పై అంచు మధ్య నక్షత్రం ఉన్న గీత మీదికే వస్తాము. అక్కడ మన నల్లరాయి ముందే కూర్చుని ఉంది! తెలుపుకు కావలసిన ఒకే ఒక్క మంచి చోటును ఆట మొదలు కాకముందే మనం పట్టుకున్నాం. ఇక ఆ రెండు రాళ్ళూ నడిబోర్డు వైపు పారిపోవలసిందే, అక్కడా నడిమి చుక్క మీద మన రాయి ఎదురుచూస్తోంది.

చుక్కల మీద పెట్టడం మంచిదని మొదట నేనన్నది ఇందుకే. ఆ తొమ్మిది రాళ్ళు విడివిడిగా తొమ్మిది కావు, ఒకదానికొకటి చేయందించే దూరంలో ఉన్నాయి. వాటితో ప్రాంతం కట్టుకోవాలనుకుంటే అవి బలహీనం, ఎందుకంటే నాలుగో గీత మీద ఉన్న రాయి కింద ఖాళీ ఉంటుంది, తెలుపు సులువుగా దూరిపోతుంది. వాటితో తెలుపును తరమాలనుకుంటే అంతకంటే మంచి చోట్లు లేవు. తరమడమంటే చంపడం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. కొత్తవారిలో రెండో రకం ఒకరు ఉంటారు. వీరు భయపడరు, కనబడిన ప్రతి తెల్లరాయిని పట్టుకోవాలని మీద పడతారు. దగ్గరగా వెళ్ళి ఆనించి కొడితే ఎదుటి రాళ్ళు గట్టిపడతాయి, మన రాళ్ళలో సందులు పడతాయి, ఆ సందుల్లోనే తెలుపు కోసుకుంటూ పోతుంది. దూరం నుంచి, ఒక ఖాళీ వదిలి ఒక గెంతు చొప్పున పక్కనే నడుస్తూ తరమాలి. పారిపోయే గుంపు బ్రతికి బయటపడినా ఫరవాలేదు. అది పరుగెత్తుతున్నంతసేపు మనం ఒకవైపు ప్రాంతం పోగుచేసుకుంటాము, రెండో వైపు గోడ కట్టుకుంటాము.

ఇంకో చోటు కూడా ఉంది. తెలుపు నేరుగా మూల లోపలికి, రెండు అంచుల నుంచీ మూడో గీత మీద ఉన్న చోటుకు దూరుతుంది. దాన్ని చంపుదామని నలుపు చేసే ప్రయత్నం చాలావరకు ఫలించదు, మామూలుగా అది బ్రతుకుతుంది. నలుపు చేయవలసిన నిర్ణయం ఒక్కటే, ఏ వైపు నుంచి అడ్డుకోవాలి అని. ఏ వైపున మన రాళ్ళు ఎక్కువగా, విశాలంగా ఉన్నాయో ఆ వైపు అడ్డుకుని, మూల పది పాయింట్లు తెలుపుకు వదిలేసి, బయట కట్టిన గోడను తీసుకుని, ఆ గోడ ఎదుటికి తెలుపు వచ్చినప్పుడు తరమాలి. ఇచ్చిపుచ్చుకోవడం కొత్తవారికి చాలా కష్టంగా ఉంటుంది. అదే పిసినారితనం వల్ల రెండు రాళ్ళను కాపాడబోయి ఇరవై పోగొట్టుకుంటారు.

ఇప్పటిదాకా చెప్పినదాని సారాంశం, నా దృష్టిలో హ్యాండికాప్ ఆట నేర్పే అసలు విద్య, ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆడడం. సమాన ఆటల్లో కొత్తవారికి ఆధిక్యం ఎప్పుడో గాని రాదు, వచ్చినా అది తమ చేతిలో ఉందని తెలియదు. ఇక్కడ అది మొదటి ఎత్తుకు ముందే చేతిలో ఉంటుంది, ఉందని ఇద్దరికీ తెలుసు. దాన్ని దాచుకుంటే కరిగిపోతుంది, దానితో ఎదుటివాడి మీదికి పోతేనే నిలుస్తుంది. అందుకే నేను పిల్లలకు చెబుతుంటాను, తెలుపు ఒక రాయి పెట్టగానే జవాబు ఇవ్వకండి, జవాబు ఇవ్వకపోతే ఏం పోతుందో చూడండి, పెద్దగా పోయేది లేకపోతే మీకు కావలసిన చోట మీరు ఆడండి అని. ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారన్నది గోలో చాలా పెద్ద ప్రశ్న.

తెలుపు ఆడేవారికి కూడా చెప్పవలసింది ఉంది, కొంచెం గట్టిగానే చెబుతాను. కొత్తవారికి తెలియదులే అని, తప్పని తెలిసీ మోసపు ఎత్తులు వేయడం మన దగ్గర అలవాటుగా మారుతోంది. ఎదుటివాడు సరిగ్గా జవాబిస్తే తన రాళ్ళే చస్తాయని తెలిసి కూడా, ఇవ్వలేడన్న ధీమాతో వేసే ఎత్తు అది. దానితో ఆ పూట గెలవవచ్చు. కానీ నెల రోజులు అలా ఆడినవారు తమకు సమానమైన వారితో కూర్చున్నప్పుడు అదే చేయి అలవాటుగా అదే చోటుకు పోతుంది, అక్కడ దెబ్బ తింటారు. తెలుపు ఓపిక పట్టాలి. బరువైన గుంపులు పెంచుకోకుండా తేలికగా ఆడాలి. ప్రతి చోటా తేల్చేయకుండా కొంత అనిశ్చితి మిగిల్చి ముందుకు సాగాలి. తప్పు దానంతట అదే వస్తుంది. వెనుకబడి ఉన్నప్పుడు కంగారుపడకుండా ఆడడం తెలుపు ఇక్కడ నేర్చుకునే విద్య. ఆట అయ్యాక, ఇక్కడ నువ్వు ఇలా వేసి ఉంటే నా పని అయిపోయేది అని చూపించే పెద్దరికం కూడా వారికి ఉండాలి.

ఈ పద్ధతిలో లోపాలు లేవని అనను. నలుపు ఎప్పుడూ నక్షత్ర బిందువుల నుంచే ఆట మొదలుపెడుతుంది కాబట్టి, ఖాళీ మూలలో ఎలా మొదలుపెట్టాలో, మూడో గీత మీది ఆరంభాలు ఎలా నడుస్తాయో ఆమెకు లేదా అతనికి తెలియకుండానే ఏళ్ళు గడిచిపోవచ్చు. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, నాలుగైదు హ్యాండికాప్ ఆటలకు ఒక సమాన ఆట కలుపుకోవడం. రెండోది, రాళ్ళకు బదులు పాయింట్లు తీసుకోవడం. అంటే ఖాళీ బోర్డు మీద మామూలుగా మొదలుపెట్టి, నలుపుకు ముందే 20 పాయింట్లో 40 పాయింట్లో రాసిపెట్టడం. తేడా రెండు మూడు రాళ్ళు ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. తేడా ఎక్కువైతే పనిచేయదు, ఎందుకంటే వంద పాయింట్లు కాగితం మీద ఉన్నా బోర్డు మీద కొత్తవారు నలిగిపోతూనే ఉంటారు. వారికి కావలసింది బోర్డు మీద స్నేహితులు.

కంప్యూటర్ల గురించి ఇక్కడి విద్యార్థులు తప్పకుండా అడుగుతారని తెలుసు. ఆ చరిత్రను కూడా రాళ్ళతోనే కొలవవచ్చు. 2008లో మోగో అనే ప్రోగ్రాం, 800 ప్రాసెసర్ కోర్ల సూపర్ కంప్యూటర్ మీద నడుస్తూ, తొమ్మిది రాళ్ళు తీసుకుని కొరియా వృత్తి ఆటగాడు కిమ్ మ్యుంగ్వాన్‌ను ఓడిస్తే అది వార్త అయింది. 2012లో జెన్ అనే ప్రోగ్రాం జపాను వృత్తి ఆటగాడు తకెమియా మసాకిని ఐదు రాళ్ళతో, ఆపైన నాలుగు రాళ్ళతో గెలిచింది. 2013లో క్రేజీస్టోన్ అనే ప్రోగ్రాం నాలుగు రాళ్ళతో మరో జపాను వృత్తి ఆటగాడు ఇషిదా యోషియోను గెలిచింది. అప్పట్లో చాలామంది ఆ నాలుగు కాస్తా సున్నా కావడానికి ఇంకో పదేళ్ళు పడుతుందనుకున్నారు. 2016 మార్చిలో ఆల్ఫాగో అనే ప్రోగ్రాం సియోల్‌లో కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్‌ను సమాన ఆటల్లో నాలుగు-ఒకటి తేడాతో ఓడించింది. అంతకు రెండు నెలల ముందే వచ్చిన పరిశోధన పత్రంలో అది క్రేజీస్టోన్, జెన్ వంటి ప్రోగ్రాములకు నాలుగు రాళ్ళు ఇచ్చి ఎక్కువ ఆటలు గెలిచినట్టు ఉంది. గమనించవలసిన వారు అక్కడే గమనించి ఉండవలసింది. 2019 డిసెంబరులో, వృత్తి నుంచి తప్పుకుంటూ లీ సెడోల్ హాన్‌డోల్ అనే ప్రోగ్రాంతో ఆడినప్పుడు మొదటి ఆటలో రెండు రాళ్ళు తీసుకున్నాడు. 18 సార్లు ప్రపంచ స్థాయి టైటిళ్ళు గెలిచిన మనిషి అందరి ముందు రెండు రాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, ఆ ఆట గెలిచాడు కూడా.

ఇంట్లో కంప్యూటరుతో హ్యాండికాప్ ఆడుకోవచ్చా అంటే, ఆడుకోవచ్చు. కాటాగో అనే ఉచిత ప్రోగ్రాం గెలుపు అవకాశంతో పాటు ఎన్ని పాయింట్ల తేడా ఉందో కూడా అంచనా వేసి చూపిస్తుంది. నేనిందాక చెప్పిన ఎత్తుకు ఎన్ని పాయింట్లు జారుతున్నాయన్న లెక్క మీకు ఆట అయిన వెంటనే దొరుకుతుంది. అది నిజంగా గొప్ప సౌకర్యం. కానీ ఆట మధ్యలో దాన్ని చూడకండి. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు వేరు. ఎక్కడ మీరు ఎక్కువసేపు ఆలోచించారో, ఎక్కడ చేయి వణికిందో ఎదుటివారు చూస్తారు, దాని గురించి అడుగుతారు. యంత్రం అడగదు.

ప్రశ్నలు అడగవచ్చు అన్నారు. చెప్పండి.

(ఒక విద్యార్థి: "సార్, రాళ్ళు ఎప్పుడు తగ్గించుకోవాల?")

వరుసగా మూడు ఆటలు గెలిస్తే ఒక రాయి తగ్గించుకోవడం, వరుసగా మూడు ఓడితే ఒక రాయి పెంచుకోవడం చాలా క్లబ్బుల్లో ఉన్న ఆచారం. మనమూ అదే పెట్టుకుందాం. పెంచుకోవడం అన్నమాట కూడా విన్నారు కదా? తగ్గించుకోవడానికి అందరూ ముందుకు వస్తారు, పెంచుకోవడానికి ఒక్కరూ రారు. ఇద్దరూ చెరిసగం గెలుస్తున్నారంటే రాళ్ళు సరిపోయినట్టు.

(ఇంకొకరు: "తొమ్మిది పెట్టుకున్నా ఓడిపోతా ఉంటే?")

అప్పుడు బోర్డు మార్చాలి. 13 గీతల బోర్డు, ఇంకా చిన్నదైతే 9 గీతల బోర్డు ఉన్నాయి. చిన్న బోర్డు మీద ఆట త్వరగా అయిపోతుంది కాబట్టి ఒక్క రాయి పూడ్చే తేడా చాలా ఎక్కువ. అక్కడ మూడు నాలుగు రాళ్ళు తీసుకుని ఒక పూటలో ఎన్నో ఆటలు ఆడవచ్చు. రాళ్ళు ఎలా చస్తాయి, ఎలా బ్రతుకుతాయి అన్నది అక్కడ చేతికి పట్టుబడ్డాక పెద్ద బోర్డుకు రండి.

(వెనుక నుంచి ఒక పెద్దమనిషి: "నాపరాయి మీద బోర్డు గీయించినాం, చూసినారా?")

చూశానయ్యా. నున్నగా పాలిష్ పట్టించి, తెల్లరంగుతో 19 గీతలు ఎంతో చక్కగా గీయించారు. కడపకు తగిన బోర్డే. కానీ మన నల్లబండ మీద నల్లరాళ్ళు కలిసిపోతున్నాయి, తొమ్మిది పెడితే దూరం నుంచి అయిదో ఆరో కనబడుతున్నాయి. తెలుపు ఆడేవారికి అది అదనపు హ్యాండికాప్ అవుతుంది. (నవ్వులు) పసుపు రంగు కొట్టించండి, వచ్చే సమావేశానికి దాని మీదే ఆడదాం.

ఈ రోజు మొదటి విడత అంతా 13 గీతల బోర్డుల మీదే. ఎవరెవరు జోడీనో, ఎవరు ఎన్ని రాళ్ళు తీసుకోవాలో తలుపు పక్కన కాగితం మీద రాసి అంటించాము. అంకె చూసుకుని, డబ్బాలోంచి అన్ని రాళ్ళూ లెక్కపెట్టి తీసుకుని కూర్చోండి. తెలుపు వారు నలుపు రాళ్ళన్నీ పెట్టేదాకా ఆగి మొదటి ఎత్తు వేయండి.